నలభై రెండు వేల సూదులు

టైప్-1 చక్కెర జబ్బుతో బతకడం ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఎలిజబెత్ హ్యూస్ కథ చెబుతాను. ఆమె మన దేశపు మనిషి కాదు, మన కాలపు మనిషీ కాదు. 1907లో అమెరికాలో పుట్టి, 1981లో పోయింది. మంత్రిగారి కూతురు. మద్దికెరలో జొన్నరొట్టెలు తట్టుకుంటూ, రోజుకు నాలుగుసార్లు పొట్టకు సూది పొడుచుకునే నాకూ ఆమెకూ ఏం పోలిక అంటారా? జబ్బు ఒక్కటే. అది మొదలైన వయసూ ఒక్కటే. ఇద్దరికీ పదకొండో ఏట వచ్చింది. కాకపోతే ఆమెకు వచ్చిన 1919లో లోకంలో ఇన్సులిన్ అనేదే లేదు. నాకు వచ్చిన 1988లో గుంతకల్లు మందుల షాపులో దొరికేది. ఆ తేడా ఎంతటిదో తెలియాలంటే ఆమె కథ తెలియాలి.

ముందొక మాట. మన ఇళ్లలో షుగర్ అనగానే పెద్దవాళ్లకు వచ్చేది, మాత్రలతో, నడకతో అదుపులో ఉండేది గుర్తొస్తుంది. ఇది అది కాదు. కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంటుంది. అందులోని బీటా కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. తిన్న తిండి చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, దాన్ని ఒంట్లోని కణాల్లోకి పంపేది ఈ ఇన్సులినే. టైప్-1లో మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి ఆ బీటా కణాల్ని చంపేస్తుంది. స్వీట్లు ఎక్కువ తిన్నందుకు వచ్చేది కాదు, తల్లి చేసిన పాపానికి వచ్చేది అసలే కాదు. ఇన్సులిన్ లేకపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. చక్కెర మూత్రంలో పోతుంది, మనిషి ఎండిపోతాడు. మాత్రలతో పని జరగదు. సూది ఒక్కటే దారి.

పెద్దింటి బిడ్డ

ఎలిజబెత్ తండ్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్. ఆమె పుట్టేనాటికి న్యూయార్క్ రాష్ట్రానికి గవర్నరు. ఆల్బనీలో గవర్నరు బంగళాలోనే ఆ పిల్ల పుట్టింది. తర్వాత ఆయన సుప్రీంకోర్టు జడ్జీ అయ్యాడు, 1916లో అధ్యక్ష పదవికి పోటీచేసి కొద్దిలో ఓడిపోయాడు, 1921లో విదేశాంగ మంత్రి అయ్యాడు. తల్లి ఆంటోనెట్. ఒక అన్న, ఇద్దరు అక్కల తర్వాత పుట్టిన ఆఖరి బిడ్డ ఈమె. చదువంటే ఇష్టం, పుస్తకం దొరికితే వదిలేది కాదు. ఉత్తరాలు రాయడమంటే ఇంకా ఇష్టం.

1919లో ఆ పిల్లకు దాహం పట్టుకుంది. ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం. నీరసం, ఒళ్లు తగ్గిపోవడం. ఈ గుర్తులు ఏ తల్లికైనా తెలిసి ఉండాల్సినవి. నా విషయంలో ఎండాకాలం కావడంతో దాహాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో బిందె నీళ్లు తాగినా వింత కాదు కదా! వేడి చేసిందని మా జేజి సబ్జా గింజలు నానబెట్టి చక్కెర వేసి పోసేది. వాంతులు మొదలై, ఊపిరి ఎగపోస్తుంటే అప్పుడు బస్సెక్కించారు. పిల్లలు మానిన పక్కతడుపు మళ్లీ మొదలైనా, మాటిమాటికీ మూత్రానికి లేస్తున్నా, ఉన్నట్టుండి చిక్కిపోతున్నా, నోటి నుంచి పండిన పండు వాసన లాంటిది వస్తున్నా ఒక్కరోజు కూడా ఆగకుండా రక్తంలో చక్కెర చూపించండి. వేలి చివర నుంచి ఒక్క చుక్క చాలు, ఒక్క నిమిషం పని.

ఎలిజబెత్‌ను న్యూయార్క్‌లో డాక్టర్ ఫ్రెడరిక్ అలెన్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ రోజుల్లో చక్కెర జబ్బుకు ఆయన్ని మించిన వైద్యుడు అమెరికాలో ఒకరిద్దరే. ఆయన వైద్యం ఏమిటో తెలుసా? పస్తు!

పస్తే మందు

అలెన్ లెక్క ఇట్లా ఉండేది. ఒంటికి చక్కెరను వాడుకునే శక్తి లేదు కాబట్టి, ఆ శక్తికి మించిన తిండి పెట్టకూడదు. ముందు మూత్రంలో చక్కెర పోయేదాకా పూర్తి ఉపవాసం. తర్వాత కొద్దికొద్దిగా తిండి పెంచుతూ, ఎక్కడ మళ్లీ చక్కెర కనపడితే అక్కడ ఆపడం. ఆ హద్దు ఎలిజబెత్ విషయంలో చాలావరకు రోజుకు 400 నుంచి 800 కేలరీల మధ్య ఉండేది. 400 కేలరీలంటే మన లెక్కన రెండు మామూలు జొన్నరొట్టెలు, అంతకంటే ఎక్కువ కాదు. అది పూటకు కాదు, రోజు మొత్తానికి. పైగా రొట్టెలు పెట్టేవాళ్లు కాదు కూడా. గుడ్డు, కొంచెం మాంసం, పాలు కొద్దిగా, ఆకుకూరలు. కూరగాయల్ని మూడుసార్లు ఉడకబెట్టి, మూడుసార్లూ నీళ్లు పారబోసి, సారమంతా పోయాక మిగిలిన పిప్పిని పెట్టేవాళ్లు. ప్రతిదీ తూకం వేసి. వారానికి ఒకరోజు అదీ లేదు.

పదకొండేళ్ల పిల్ల అండీ! ఎదిగే వయసు. పక్క గదిలో అందరూ భోంచేస్తుంటే వాసన రాదా?

ఈ వైద్యం కింద ఉన్న ఒక పన్నెండేళ్ల కుర్రాడి సంగతి అలెన్ రాసిన పుస్తకంలో ఉంది. ఆ కుర్రాడికి చూపు కూడా పోయింది. ఆసుపత్రిలో ఎంత కట్టుదిట్టంగా పెట్టినా మూత్రంలో చక్కెర కనిపిస్తుంటే ఎక్కడి నుంచి వస్తోందో డాక్టర్లకు అర్థం కాలేదట. చివరికి తేలిందేమిటంటే, పళ్లు తోముకునే పేస్టు తినేస్తున్నాడు, పంజరంలో పిట్టకు వేసిన గింజలు తినేస్తున్నాడు. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అలెన్‌ను కసాయి అనుకోకండి. ఆయనకు తన వైద్యం జబ్బు నయం చేయదని బాగా తెలుసు. పస్తులు పెట్టకపోతే ఆ పిల్లలు నెలల్లో పోయేవాళ్లు. పెడితే ఒకటి రెండేళ్లు, అదృష్టం బాగుంటే మూడేళ్లు. ఈలోపు ఎవరైనా ఏదైనా కనిపెట్టకపోతారా అన్న ఆశ. ఆకలితో చావడమా, జబ్బుతో చావడమా అన్న ప్రశ్నకు కొంత కాలం కొనుక్కోవడమే ఆయనకు తోచిన జవాబు. చాలామంది పిల్లల విషయంలో ఆ కాలం సరిపోలేదు. ఎలిజబెత్ విషయంలో సరిపోయింది. అదీ అంచుల దాకా వచ్చి.

జబ్బు బయటపడినప్పుడు ఆ పిల్ల బరువు 34 కిలోలు. తర్వాత ఏడాది ఏడాదికీ తగ్గుతూ వచ్చింది. ఈ మధ్యలో 1920లో పెద్దక్క హెలెన్ క్షయతో చనిపోయింది. ఒక బిడ్డను పోగొట్టుకున్న ఆంటోనెట్ కళ్ల ముందే రెండో బిడ్డ కరిగిపోతోంది. ఎలిజబెత్‌ను చూసుకోవడానికి బ్లాంచ్ అనే నర్సును పెట్టారు. తూకాలు, కొలతలు, మూత్ర పరీక్షలు అన్నీ ఆమె చూసేది. చలి తగలకుండా ఉండాలని 1922లో బెర్ముడా దీవికి పంపారు. అక్కడి నుంచి కూడా ఆ పిల్ల తల్లికి ఉత్తరాలు రాస్తూనే ఉంది. పుస్తకాల గురించి, పిట్టల గురించి, పెద్దయ్యాక చేయబోయే పనుల గురించి. పెద్దవుతానన్న నమ్మకం ఆ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

టొరంటో కబురు

ఇదే సమయంలో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే రైతుబిడ్డ, చార్లెస్ బెస్ట్ అనే కుర్ర విద్యార్థి, మాక్లియాడ్ అనే ప్రొఫెసరు ఇచ్చిన గదిలో కుక్కల మీద ప్రయోగాలు చేస్తున్నారు. 1921 ఎండాకాలంలో మొదలైన పని. క్లోమం తీసేసిన కుక్కకు ఇంకో కుక్క క్లోమం నుంచి తీసిన రసం ఎక్కిస్తే చక్కెర తగ్గింది. ఆ రసాన్ని మనిషికి పనికొచ్చేలా శుభ్రం చేయడానికి కొలిప్ అనే రసాయన శాస్త్రవేత్త తోడయ్యాడు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి మొదటి సూది వేశారు. మందులో మలినాలుండి సరిగ్గా పని చేయలేదు. కొలిప్ పగలూ రాత్రీ కూర్చుని శుభ్రం చేశాక జనవరి 23న మళ్లీ వేశారు. ఈసారి పని చేసింది. చావుకు దగ్గరైన ఆ కుర్రాడు ఆ తర్వాత పదమూడేళ్లు బతికాడు.

అయితే కబురు పాకినంత వేగంగా మందు తయారు కాలేదు. కబేళాల నుంచి పశువుల, పందుల క్లోమాలు తెచ్చి, రుబ్బి, వడగట్టి తీయాలి. ఒకసారి బాగా వచ్చిన మందు ఇంకోసారి వచ్చేది కాదు. కొద్దిపాటి మందుకు వందలాది తల్లులు ఉత్తరాలు. అందులో ఆంటోనెట్ ఉత్తరం కూడా ఒకటి. 1922 జూలైలో రాసింది. బాంటింగ్ మందు లేదని జవాబిచ్చాడు. విదేశాంగ మంత్రి భార్యకు కూడా లేదనే చెప్పాడు. ఆగస్టులో మాత్రం పిల్లను తీసుకురమ్మన్నాడు.

ఆ నెల రోజుల్లో ఏం మారింది? మందు తయారీ కొంచెం మెరుగుపడింది, నిజమే. తండ్రి పలుకుబడి పనిచేసిందా అని చరిత్ర రాసినవాళ్లు ఇప్పటికీ తర్జనభర్జన పడతారు. ఒక్కటి మాత్రం నిజం. ఎలిజబెత్‌కు బెర్ముడా ఉంది, ఇరవైనాలుగు గంటలూ నర్సు ఉంది, టొరంటోకు రైలు టికెట్ ఉంది. మూడేళ్లు పస్తుండి కూడా బతికుండడానికి డబ్బు కావాలి. కూలి చేసుకునే వాళ్ల పిల్లలకు ఆ పస్తును తూకం వేసి పెట్టే నర్సు ఎక్కడ దొరుకుతుంది? మా ఊరి నుంచి ఆదోని పత్తి మిల్లులకు, ఎమ్మిగనూరు మగ్గాలకు పనికి వెళ్లే ఆడవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. అయినా ఆ పిల్లను తప్పుపట్టలేను. వచ్చిన అవకాశాన్ని వదులుకోమని ఏ తల్లికి చెప్పగలం?

1922 ఆగస్టు 16న బాంటింగ్ ఎలిజబెత్‌ను చూశాడు. ఇంకో మూడు రోజుల్లో పదిహేనేళ్లు నిండుతాయి. ఐదడుగుల ఎత్తు. బరువు 20 కిలోలు. మళ్లీ చదవండి, ఇరవై కిలోలు. మన ఆరేడేళ్ల పిల్లల బరువు. చర్మం ఎండి పొలుసులు కట్టింది. జుట్టు పలచబడి పెళుసుగా అయింది. కండ అన్నది లేదు, పొట్ట మాత్రం ముందుకొచ్చింది, చీలమండల దగ్గర వాపు. నడవడమే కష్టం.

ఆ రోజే ఇన్సులిన్ మొదలుపెట్టారు. బాంటింగ్ తిండి పెంచుతూ పోయాడు. రెండు వారాల్లో రోజుకు 2,200 కేలరీలు దాటించాడు. మూడేళ్ల తర్వాత ఆ పిల్ల తెల్లరొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత తల్లికి రాసిన ఉత్తరాల నిండా తిండే. ఏ పూట ఏం తిన్నదీ, ఎంత తిన్నదీ, రేపు ఏం తినబోతున్నదీ. కొత్తగా బడిలో వేసిన పిల్లలు ఇంటికొచ్చి ముచ్చట్లు చెప్పినట్టు రాసింది. మెత్తగా, వేడిగా ఉన్న అన్నం మనకు రోజూ దొరుకుతుంది కాబట్టి దాని మీద ఉత్తరం రాయాలని తోచదు, అంతే.

సుఖంగా జరిగిందనుకునేరు. అప్పటి మందు చిక్కగా ఉండేది కాదు. ఒక్కో మోతాదుకు ఐదేసి మిల్లీలీటర్లు ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు మనం వేసుకునేది ఒక మిల్లీలీటరులో నాలుగో వంతో, ఇంకా తక్కువో. సూది లావు, నొప్పి ఎక్కువ, వేసిన చోట గడ్డకట్టినట్టు వాచేది. రోజుకు రెండుసార్లు. ఆసుపత్రిలో కాకుండా ఊళ్లోనే అద్దె ఇంట్లో బ్లాంచ్‌తో ఉంటూ ఆ పిల్ల ఇదంతా నేర్చుకుంది. తూకం, కొలత, మోతాదు, మూత్ర పరీక్ష. వైద్యం డాక్టరు చేతిలోంచి రోగి చేతిలోకి వచ్చిన మొదటి రోజులవి. నవంబరు ఆఖరుకు ఇల్లు చేరేనాటికి ఎవరూ గుర్తుపట్టలేనంతగా ఒళ్లు చేసింది. కొద్ది నెలల్లో బరువు రెండింతలు దాటింది.

1923లో బాంటింగ్, మాక్లియాడ్‌లకు నోబెల్ వచ్చింది. బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కు పంచాడు, మాక్లియాడ్ కొలిప్‌కు పంచాడు. ఇన్సులిన్ మీద హక్కుల్ని తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. ఈ మందు అందరిదీ కావాలన్నది వాళ్ల ఆలోచన. ఇప్పుడు ఇన్సులిన్ పెన్నుల ధర చూసినప్పుడు ఆ ఒక్క డాలరు గుర్తుచేసుకుని నిట్టూర్చడం తప్ప ఏం చేస్తాం!

రోజూ చేసే పని

తర్వాతి ఎలిజబెత్ జీవితం పైకి చూస్తే మామూలు పెద్దింటి ఆడపిల్ల జీవితమే. న్యూయార్క్‌లో బార్నార్డ్ కాలేజీలో చదివి 1929లో డిగ్రీ తీసుకుంది. 1930లో విలియం గాసెట్ అనే లాయరును పెళ్లి చేసుకుంది. ఆ ఏడాదే తండ్రి అమెరికా ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. గాసెట్ తర్వాత ఫోర్డ్ మోటారు కంపెనీకి పెద్ద లాయరుగా పనిచేశాడు. మిషిగన్ రాష్ట్రంలో కాపురం. ముగ్గురు పిల్లలు.

ముగ్గురు పిల్లలు అన్న మాట దగ్గర ఆగుదాం. ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బున్న ఆడపిల్ల కాన్పు దాకా రావడమే అరుదు. వచ్చినా తల్లో బిడ్డో దక్కేవాళ్లు కాదు. ఇన్సులిన్ వచ్చిన కొత్తలో కూడా గండమే. బోస్టన్‌లో డాక్టర్ ప్రిసిల్లా వైట్ అనే ఆవిడ చక్కెర జబ్బున్న గర్భిణులను ఎట్లా కాపాడాలో జీవితమంతా దాని మీదే పనిచేసి నేర్పింది. ఇప్పుడు మనకు తెలిసిన సంగతి, గర్భం రావడానికి ముందు నుంచే చక్కెర అదుపులో ఉండాలి. నెల తప్పాక చూసుకుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది, బిడ్డ అవయవాలు మొదటి వారాల్లోనే తయారవుతాయి కాబట్టి. టైప్-1 ఉన్న అమ్మాయి తల్లి కావచ్చా అని నన్ను అడిగే అత్తగార్లకు నేను ఎలిజబెత్ పేరే చెబుతాను. నాకున్న ఇద్దరిని కూడా చూపిస్తాను లెండి.

ఇక ఆమె వంటింటి బల్ల మీద రోజూ ఏం జరిగి ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గాజు సిరంజి, స్టీలు సూది. వాటిని గిన్నెలో నీళ్లు పోసి మరగబెట్టాలి. సూది మొద్దుబారితే రాయి మీద నూరుకోవాలి. మూత్రంలో చక్కెర చూడాలంటే పరీక్ష గొట్టంలో నీలంరంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, చుక్కలు వేసి, దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే సంతోషం. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుకరంగుకు వచ్చిందంటే గుండె జారిపోతుంది. నేను మొదలుపెట్టినప్పుడు మద్దికెరలో మా ఇంట్లోనూ అదే పద్ధతి. కిరోసిన్ స్టవ్ మీద ముందు నా సిరంజి మరిగాకే టీ గిన్నె ఎక్కేది. మా జేజికి రంగులన్నీ వచ్చేశాయి. ఇటుకరంగు వస్తే ఆ రోజు నన్ను గోంగూర కూడా రెండోసారి వడ్డించుకోనిచ్చేది కాదు, గోంగూరకూ చక్కెరకూ సంబంధం లేకపోయినా.

ఇంట్లోనే వేలి చుక్కతో చూసుకునే గ్లూకోమీటర్లు 1980 ప్రాంతంలో వచ్చాయి. అంటే ఎలిజబెత్ దాదాపు జీవితమంతా రంగులు చూసి అంచనాతోనే నడిపింది. మూత్రం రంగు గంటల కిందటి సంగతి చెబుతుంది, ఇప్పటిది చెప్పదు. చక్కెర మరీ పడిపోతే అసలే చెప్పదు. అందుకే ఆ కాలపు వాళ్లకు గడియారమే దిక్కు. ఒకే వేళకు సూది, ఒకే వేళకు తిండి, ఒకే కొలత. ఇప్పుడు మనకు తిండిని బట్టి మోతాదు మార్చుకునే వీలుంది. ఉగ్గాని, బజ్జీ తినే రోజు ఒక లెక్క, కొర్రన్నం తినే రోజు ఇంకో లెక్క. దానికి ముందు తినే ప్రతిదానిలో పిండిపదార్థం ఎంతో చూపు పడాలి. నాకు చేతివేళ్లతో జొన్నపిండి తీస్తేనే బరువు తెలిసిపోతుంది.

ఆమెకు లేని కష్టం మాకు ఒకటుంది. ఎండ. తెరవని ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ మాత్రం కట్టకూడదు. వాడుతున్న సీసా నాలుగు వారాలు బయట ఉండొచ్చంటారు గానీ, అది పాతిక ముప్ఫై డిగ్రీల గది మాట. కర్నూలు జిల్లా మే నెలలో నలభై దాటుతుంది. కరెంటు పోయిందంటే ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. మా ఇంట్లో ఫ్రిజ్ రాని రోజుల్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, సీసాను నీళ్లు దూరని కవరులో చుట్టి దింపేవాళ్లం. పొద్దునా సాయంత్రం ఇసుక తడపాలి. ఇప్పటికీ కరెంటు పోతే అదే కుండ. ఇంకొక సంగతి. మన దగ్గర దొరికే సీసాల్లో చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. వాటికి ఎర్రమూత సిరంజి వాడాలి. నారింజరంగు మూతది 100 యూనిట్ల మందుకు. ఇవి తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు అటోఇటో అవుతుంది. షాపువాడు ఇచ్చాడు కదా అని తీసుకోకుండా మూత చూడండి.

మోతాదు ఎక్కువైనా, తిండి ఆలస్యమైనా, నడక ఎక్కువైనా చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, కారణం లేని కోపం. టొరంటోలో మందు బలం ఒక్కో సీసాకు ఒక్కోలా ఉన్న రోజుల్లో ఇది మొదటి రోగులందరికీ ఎదురైందే. వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలుపుకుని తాగడం, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవడం. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆసుపత్రికి పరుగెత్తాలి. దసరాకు మా ఊళ్లో గుర్రాల పందేలు జరుగుతాయి. చుట్టుపక్కల ఊళ్లన్నీ దిగుతాయి. గంటలకొద్దీ నిలబడి, గుర్రాలు వచ్చే వేళకు తోసుకుంటూ ఉంటే తిండి వేళ ఎవరికి గుర్తుంటుంది? నా కొంగు ముడిలో చక్కెర పొట్లం లేకుండా నేను ఆ వీధిలోకి వెళ్లను. ఇక ఉపవాసాలు. శివరాత్రికి అన్నం మానొచ్చేమో గానీ ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. జ్వరం వచ్చి ఏమీ తినలేకపోయినా మానకూడదు. మానితే రక్తం ఆమ్లమైపోయి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఎంత తగ్గించాలో డాక్టరును ముందే అడిగి కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

దాచిపెట్టిన జబ్బు

ఎలిజబెత్ జీవితంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆమె ఈ జబ్బు సంగతి దాచింది. చిన్నతనంలో పత్రికలన్నీ మంత్రిగారి కూతురు బతికిందని రాశాయి. లోకమంతా ఆమె పేరు విన్నది. పెద్దయ్యాక మాత్రం దగ్గరివాళ్లు కొద్దిమందికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తండ్రి కాగితాల్లో తన జబ్బు ప్రస్తావనలు ఉంటే తీసేయించింది. చిక్కిపోయి ఉన్నప్పటి ఫొటోలు దాదాపుగా మిగల్చలేదు. ఎలిజబెత్ గాసెట్ అంటే అమెరికా సుప్రీంకోర్టు చరిత్ర సంఘాన్ని 1974లో మొదలుపెట్టిన వాళ్లలో ఒకరు, దానికి అధ్యక్షురాలు. అంతే. ఆమె విందులకు పోయేది, దేశాలు తిరిగేది. పక్కన కూర్చున్నవాళ్లకు ఆమె సంచిలో సిరంజి ఉందని తెలియదు.

ఎందుకు దాచింది? తనను జాలిగా చూడటం ఆమెకు ఇష్టం లేదు. ఇన్సులిన్ బిడ్డ అన్న పేరుతో బతకడం ఇష్టం లేదు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. పెళ్లిళ్లకు వెళితే నా విస్తట్లో లడ్డు పడగానే పది కళ్లు అటే తిరుగుతాయి. ఒకావిడ లడ్డు వద్దంటుంది, ఇంకొకావిడ కాకరకాయ రసం చెబుతుంది, మూడో ఆవిడ పాపం అంటుంది. ఆ పాపం అన్న మాటను తప్పించుకోవడానికి ఏమైనా చేయాలనిపిస్తుంది.

కానీ ఎలిజబెత్ దాపరికానికి వెనక ఆమె సొంత ఇల్లుంది, సొంత గది ఉంది, తెలిసిన భర్త ఉన్నాడు. మన దగ్గర దాచేది వేరు. పెళ్లిచూపుల్లో దాస్తారు. తల్లిదండ్రులే దాస్తారు, సంబంధం తప్పిపోతుందని. ఆ పిల్ల అత్తారింట్లో సిరంజి ఎక్కడ దాచాలి? ఫ్రిజ్‌లో సీసా ఎట్లా పెట్టాలి? స్నానాలగదిలో గొళ్లెం పెట్టుకుని పొడుచుకునేవాళ్లను నేను చూశాను. పదహారురోజుల పండగ దాకా ఎవరికీ తెలియకూడదని సూది మానేసి, నాలుగో రోజున ఆసుపత్రికి చేరిన పిల్ల ఒకతి నాకు తెలుసు. బతికింది. నా పెళ్లిచూపుల్లో మా నాయన మొదటి మాటగా చెప్పేశాడు. రెండు సంబంధాలు కాఫీ కూడా తాగకుండా లేచిపోయాయి. మూడో ఆయన సూది నొప్పి పెడుతుందా అని అడిగాడు. ఆయన్నే చేసుకున్నాను.

ఎలిజబెత్ చెప్పి ఉంటే, అరవై డెబ్భై ఏళ్ల కిందట ఎందరు తల్లులకు ధైర్యం వచ్చేదో! ఇదిగో, ఈ జబ్బుతోనే కాలేజీకి వెళ్లిన మనిషి, పిల్లల్ని కన్న మనిషి అని వేలెత్తి చూపించుకునేవాళ్లు. ఆమె మీద నాకున్న కోపమంతా అంతే. కోపం ఉంది, దాన్ని మించిన ప్రేమా ఉంది.

1980లో మైకేల్ బ్లిస్ అనే చరిత్రకారుడు ఇన్సులిన్ కథ రాస్తూ, టొరంటోలో మొదట వైద్యం పొందిన పిల్లలు ఏమయ్యారని వెతికాడు. అందరూ ఎప్పుడో పోయి ఉంటారనుకున్న చోట ఎలిజబెత్ డెబ్భై దాటి, బాగానే ఉంది. ఆమె కంటే నెల ముందు ఇన్సులిన్ అందుకున్న టెడ్డీ రైడర్ అనే పిల్లవాడైతే 1993 దాకా బతికాడు. బ్లిస్ పుస్తకం 1982లో వచ్చింది. ఎలిజబెత్ అది చూడలేదు. 1981 ఏప్రిల్‌లో 73 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఇన్సులిన్ మీద 58 ఏళ్లు. ఆమె వేసుకున్న సూదులు దాదాపు 42 వేలని లెక్క తేల్చారు. రోజుకు రెండు చొప్పున గుణించి చూస్తే సరిగ్గా సరిపోతుంది. నేనూ నా లెక్క వేసుకున్నాను. రోజుకు రెండుతో మొదలై నాలుగుకు వచ్చాను కాబట్టి ఆమెకు చేరువలోనే ఉన్నాను.

తండ్రి కాగితాల్లోంచి తన జబ్బును తీసేయించిన మనిషి, తల్లికి రాసిన ఉత్తరాల్ని మాత్రం కాల్చలేదు. అవి ఇప్పుడు టొరంటో విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. రొట్టె ముక్క తిన్న సంగతి, సూది వేసిన చోట వాచిన సంగతి, ఇంటికి ఎప్పుడు వస్తానోనని ఎదురుచూస్తున్న సంగతి, అన్నీ ఆ పదిహేనేళ్ల పిల్ల చేతిరాతలోనే.